చింతచిగురు పండగ

ఈస్టర్ అంటే రంగులేసిన గుడ్లు, కుందేలు బొమ్మ, తెల్ల లిల్లీపూలు, గొర్రెపిల్ల మాంసం అని ఇంగ్లీషు పుస్తకాల్లో ఉంటుంది. కడప జిల్లా చక్రాయపేట మండలంలో మా మాలపల్లెకు వచ్చి ఈస్టరుకు ఏం తింటారని అడగండి. "ఏముండాది, చింతచిగురు" అంటారు. కూర తెచ్చుకునే దుడ్లుంటే చియ్యల్లోకి చింతచిగురు. లేకపోతే బ్యాళ్లలోకి చింతచిగురు. పక్కన మునగాకు, మునక్కాయ, పచ్చిమామిడికాయ. ఇట్లా తినాలని ఎవరూ నియమం పెట్టలేదు. బైబిల్లో లేదు, ప్రార్థన పుస్తకంలో లేదు. మరి ఈ ఆకు మా పండగలోకి ఎట్లా వచ్చింది?

నేను గవర్నమెంటు బడిలో సోషల్ చెప్పే అయ్యవారిని. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని. మూడేండ్లు చరిత్ర చదివినా. రాయల కాలంలో అంగళ్లలో రత్నాలు రాశులు పోసి అమ్మినారని రాసి పరీక్ష పాసైనా. ఆ అంగళ్ల వెనకాల కూలిజనం ఏ ఆకు ఉడకబెట్టుకున్నారని ఏ ప్రశ్నపత్రంలోనూ అడగలేదు. పల్లెకు శాసనాలుండవు. వంటకుండ ఉంటుంది. కుండ పగిలిపోయినా అందులో ఏం ఉడికిందో ఆడోళ్ల నోట్లో బతికుంటుంది. మా జేజి నోట్లో బతికుండాది. దానికి దొరల కాలం నాటి కరువు రాతలు, మిషన్ల చరిత్ర, చట్టాలు తోడు పెట్టుకుని చూస్తే కథ కొంత తేలుతుంది.

ముందు కాలం సంగతి. ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటినాక వచ్చే ఆదివారం ఈస్టర్. మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. చాలా ఏళ్లు అది చైత్ర పున్నమికి అటూఇటూగా పడుతుంది. ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం వెన్నెల్లో జరిగే రోజుల్లోనే మా పల్లెలో సిలువపాటలు వినపడతాయి. 2025లో ఉగాది మార్చి 30, ఈస్టర్ ఏప్రిల్ 20. ఊరోళ్లు ఉగాది పచ్చట్లోకి వేపపువ్వు దులుపుకుపోయిన మూడు వారాలకు మా పండగ. 2024లో మాత్రం తిరగబడింది. ఈస్టర్ మార్చి 31నే వచ్చింది, ఉగాది ఏప్రిల్ 9న. ఆ ఏడు చింతచెట్లకు చిగురు సరిగా పడలేదు. మునగాకుతోనే పండగ గడుపుకున్నాం. పంచాంగం, ప్రార్థన క్యాలెండరు, రెండూ చంద్రుణ్ని చూసే నడుస్తాయి. చెట్టు మాత్రం తన లెక్క తాను చూసుకుంటాది.

ఇంగ్లండులో ఈస్టర్ అంటే చలి విడిచి నేల పచ్చబడే కాలం. మా దగ్గర నేల మాడే కాలం. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి వచ్చే పాపాఘ్ని, గండి దగ్గర కొండను చీల్చుకుని మా మండలం నుంచి బయటపడుతుంది. గండి ఆంజనేయస్వామి దగ్గరికి శ్రావణమాసంలో వచ్చే భక్తులు చూసే ఏరు వేరు. మార్చి, ఏప్రిల్‌లో మేం చూసేది ఇసక. 1985లో మండలాలు ఏర్పడినప్పట్నుంచి చక్రాయపేట మండలమైంది. 2009 ఎన్నికల నుంచి పులివెందుల నియోజకవర్గంలో కలిసింది. పులివెందుల పేరు చెబితే బయటోళ్లకు బాంబులు గుర్తొస్తాయంట. మాకు గుర్తొచ్చేది దప్పిక.

అందుకని మా వసంతం నేల మీద మొలవదు. చెట్టు మీద మొలుస్తుంది. చినుకు లేకపోయినా వేరు లోతుకు పోయిన చెట్టు చిగురేస్తుంది. చింత, వేప, మునగ, మామిడి. ఎండాకాలంలో పేదోడికి పచ్చగా కనపడేది ఇదే. కానీ చెట్టు ఉంటే సరిపోదు గదా. చెట్టు ఎవరిది?

చెట్టు కంటే ముందు బావి గురించి చెప్పాలి. జొన్న, కొర్ర, చెనిక్కాయ వానకు పండుతాయి. కూరగాయలకు బావి కావాలి, ఎండాకాలంలో మరీ. కరెంటు మోటార్లు రాకముందు రాయలసీమలో నీళ్లు తోడింది కపిల. రెండెద్దులు ఏటవాలు బాటలో దిగితే తోలుబాన నిండి పైకొస్తుంది. ఆ తోలు ఊనింది, కుట్టింది మాదిగలు. ఎద్దులు తోలింది, మడవలు తిప్పింది ఎక్కువగా మాల జీతగాళ్లు. వంకాయ, బీరకాయ, చిక్కుడుకాయ కాసింది మాత్రం ఊరోళ్ల తోటలో. ఆ బావిలో మేం చెంబు ముంచకూడదు. మాదిగన్న కుట్టిన తోలు మాత్రం పొద్దంతా అదే నీళ్లలో మునిగి లేయొచ్చు. తోలుకు లేని అంటు మనిషికి ఎట్లా వచ్చిందో ఏ శాస్త్రంలోనూ దొరకదు. మాకు తోటలో దక్కింది ముదిరిన బెండకాయ, పుచ్చిన వంకాయ. అదీ అమ్మగారికి దయ పుడితే.

ఇంక మిగిలింది కలుపు. కలుపుకూలికి పోయిన మా ఆడోళ్లు సాయంత్రం ఒళ్లో కట్టుకొచ్చింది చెంచలాకు, దొగ్గలాకు, గురుగాకు, గంగపాయలాకు. రైతు దాన్ని కలుపన్నాడు. మేం కూరన్నాం. ఆకు ఒకటే. భూమి ఉన్నోడి నోట్లో ఒక పేరు, లేనోడి నోట్లో ఒక పేరు. నాలుగు రకాలు కలిపి, బ్యాళ్లుంటే బ్యాళ్లేసి, లేకుంటే ఉప్పూమిరపకాయతోనే ఎనిపి సంగట్లోకి తినేది. ఈ ఆకులు వానలు పడినప్పుడు, చేలల్లో పైరున్నప్పుడు దండిగా ఉంటాయి. ఈస్టర్ నాటికి మెట్టచేలు బీడువారతాయి. అప్పుడు తల పైకెత్తి చెట్టు వైపు చూడాల్సిందే.

మునగచెట్టు మాది. ఇది ధైర్యంగా చెప్పొచ్చు. కొమ్మ తెచ్చి పాతితే లేస్తుంది, మూడు సెంట్ల స్థలంలో పొయ్యి పక్కన కూడా బతుకుతుంది, అంట్లు కడిగిన నీళ్లు చాలు. భూమి లేనోడికి సొంత తోట అంటే ఆ ఒక్క చెట్టే. పల్లెలో పెండ్లయి వేరుపడినోళ్లు ముందు పాతుకునేది మునగకొమ్మే. వేపచెట్టు గురించి పేచీ లేదు, దాని ఆకును, పువ్వును ఎవరూ కాపలా కాయరు. మామిడితోటలు ఊరోళ్లవి. గాలికి రాలిన పిందెలు ఏరుకుంటే కొందరు ఊరుకుంటారు, కొందరు ఊరుకోరు.

చింతచెట్టు దగ్గరే తగాదా. చేను గట్టున ఉంటే రైతుది. చెరువుకట్ట మీద, బాట పక్కన ఉంటే సర్కారుది, అంటే వేలంపాట పాడుకున్నోడిది. ఫిబ్రవరి, మార్చిలో పండు దులుపుతారు. దులిపేది మావాళ్లే, కొట్టి గింజ తీసేది మా ఆడోళ్లే. పండు దింపినాక పాటగాడి పని అయిపోతుంది. చెట్టు ఆకు రాల్చుకుని చిగురు మొదలుపెడుతుంది. సరిగ్గా అది శ్రమదినాల కాలం. పండు మీద హక్కు ముగిసి, వచ్చే పండుకు పూత ఇంకా రాని ఆ నాలుగు వారాల సందులో చింతచెట్టు ఎవరిదీ కాదు. ఆ సందులో దూరింది మా పండగ. ఎవరిదీ కానిదాన్నే మేం మాది అనుకోగలిగినాం.

అదైనా సుఖంగా జరగలేదు. చిగురు గిల్లితే పూత తగ్గుతుంది, కాయ తగ్గుతుంది అని చెట్టుగలోళ్ల వాదన. కొమ్మలన్నీ దూస్తే అది నిజమే. అందుకే మా జేజి వాళ్లు చెట్టునంతా దూసేవాళ్లు కాదు, కింది కొమ్మల్లో చేతికందినంత గిల్లి ఇంకో చెట్టుకు పోయేవాళ్లు. పిల్లకాలువ అంత తెలివి ఏ వ్యవసాయ ఆఫీసరూ నేర్పలేదు. అయినా జేజి వయసులో ఉండగా ఒక శుక్రవారం పొద్దున చేను గట్టున చిగురు కోస్తాంటే చేనుగలాయన వచ్చి తట్ట తన్ని, కులం పేరెత్తి తిట్టి, కోసిన చిగురు కాళ్లతో తొక్కినాడంట. జేజి ఆ మాట ఇప్పటికీ కోపంగా చెప్పదు. "తొక్కింది నేను తిన్లేదులే నాయనా, కడిగి మేకకేసినా" అంటాది.

పాస్టర్లు రూతు గ్రంథం మీద ప్రసంగిస్తారు. అత్తను సాకడానికి పరాయిదేశపు కోడలు పొలాల్లో పరిగె ఏరుకున్న కథ. పొలం మూలమూలా కోసేయొద్దు, రాలినదాన్ని బీదలకు వదిలిపెట్టండని లేవీకాండంలో ఉన్న ధర్మం కూడా చెప్తారు. మా పల్లె ఆడోళ్లు ఆ ప్రసంగానికి తలూపినంతగా మరి దేనికీ ఊపరు. పరిగె ఏరడం వాళ్లకు బైబిల్లో కథ కాదు, నిన్నటి పని. అయితే అక్కడ దేవుడు చట్టం పెట్టినాడు. ఇక్కడ చట్టం ఏమి పెట్టింది? 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పాలకొండల్లాంటి అడవులు రిజర్వు కింద పోయినాయి. అంతకుముందు కొండకు పోయి తెచ్చుకున్న కట్టె, గడ్డ, ఆకు, కాయ తర్వాత ఫారెస్టోళ్ల దయ మీదికొచ్చినాయి. కొండ మూసుకుపోతే మిగిలేది బాట పక్క చెట్టే గదా.

ఇప్పుడు మతం సంగతి. కడపలో లండన్ మిషన్ సొసైటీ 1822లో పని మొదలుపెట్టింది. చాలా ఏండ్లు పెద్దగా జనం చేరలేదు. పందొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి పల్లెల్లో మాలలు కదిలినారు. 1876 వచ్చింది. ధాత నామ సంవత్సరం. ఇప్పటికీ ముసలోళ్లు ధాత కరువు అంటే వెన్ను వణుకుతుంది. 1878 దాకా సాగిన ఆ కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలాది జనం చచ్చిపోయినారు, కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. విలియం డిగ్బీ అనే పత్రికాయన 1878లో రెండు సంపుటాల్లో ఆ కథ రాసినాడు.

ఆ కరువు రాతల్లో కూరాకు గురించి పెద్ద వాదమే ఉంది. వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ దొర 1877 జనవరిలో కరువు పనుల దగ్గర మగకూలికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలని నిర్ణయించినాడు. పౌను అంటే అరకేజీ కూడా కాదు. ఉప్పు, మిరపకాయ, ఆకు, కట్టె ఆ అణాలోనే. రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఎదురు తిరిగినాడు. కనీసం పౌనున్నర గింజలు, దానితో పాటు కూరగాయలు, బలమిచ్చే పదార్థాలు ఉండాలన్నాడు. ప్రభుత్వ కాగితాల్లో మా కంచంలోకి కూరగాయ కావాలా వద్దా అని ఇద్దరు దొరలు కొట్లాడుకున్న కాలం అది. కాగితాల్లో వాదం తేలేలోపు జనం చేతికందిన ఆకల్లా తిన్నారు. ఏ ఆకు తింటే బతుకుతాం, ఏ ఆకు తింటే కడుపు పోతుందన్నది ఆ రెండేండ్లలో చాలామంది చచ్చి మిగిలినోళ్లకు చెప్పిపోయిన చదువు. మా జేజి ఆకు వాసన చూసి చెప్పే చదువు అక్కడిదే.

కరువు తర్వాత తెలుగు జిల్లాల్లో దళితులు వేలల్లో క్రైస్తవంలోకి వచ్చినారు. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు క్లౌ దొర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించినాడని ప్రసిద్ధి. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. దీన్ని పట్టుకుని గంజికి మతం మారినారన్న మాట పుట్టింది. కానీ ఆ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు పట్టి కూలి ఇచ్చినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేసినాడు, కూలి కోసం వచ్చినారన్న మాట రాకూడదని. తిట్టేవాళ్లు ఈ సగం ఎప్పుడూ చెప్పరు.

తర్వాతి తరానికి గంజి పోయి పాలపొడి వచ్చింది. "పాలపొడికి, గోధుమరవ్వకు మారినోళ్లు" అని నన్నూ బడిలో అన్నారు. నేను సోషల్ అయ్యవారినయినాక దీనికి జవాబు నేర్చుకున్నా. 1956 నుంచి పి.ఎల్. 480 ఒప్పందాల కింద అమెరికా గోధుమలు ఓడల్లో దిగితే, అరవయ్యో దశకంలో దేశమంతా తిన్నది. దేశం తింటే విదేశాంగ విధానం, మాలపల్లె తింటే మతమార్పిడి. ఇంకొకటి. చింతచెట్టు పుట్టుక ఆఫ్రికా అని వృక్షశాస్త్రం చెప్తుంది. ఎన్ని వందల ఏండ్ల కిందనో ఇక్కడికొచ్చి మనదైంది. మిరపకాయ, చెనిక్కాయ, టమేటా అమెరికా ఖండం నుంచి పోర్చుగీసోళ్ల తర్వాత వచ్చినాయి. మాది పరాయి మతమనేవాళ్లు చింతపండు చారు, మిరపకాయ పొడి, చెనిక్కాయ ఊరిబిండి మానుకున్నట్టు నేను చూళ్లేదు.

నలభై శ్రమదినాలు మాకు మొదట్నుంచీ ఉన్నాయనుకుంటారు. లండన్ మిషనోళ్లది కాంగ్రిగేషనల్ సంప్రదాయం. వాళ్లకు లెంటు కాలం, ఉపవాసాలు పెద్ద పట్టింపు కాదు. ఆంగ్లికన్లకు అది ముఖ్యం. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయినాక మా ప్రాంతంలోనూ భస్మ బుధవారం, మట్టల ఆదివారం, శ్రమకాల కూడికలు బాగా పాతుకున్నాయి. మట్టల ఆదివారం మా చేతుల్లో ఉండేది ఈతమట్టలే. నలభై దినాలు చియ్యలు ముట్టకూడదని పెద్దోళ్ల పట్టు. మా నాయన నవ్వేవాడు. "ఏడాదికి నాలుగుసార్లు తినేవాళ్లం, నలభై దినాలు మానుకున్నామని దేవునికి ఎట్లా చెప్పేదిరా" అని.

ఆ నలభై దినాలూ ఆకే గదా. మరి పండగనాడూ ఆకు ఎందుకు? మాంసం చాలక. ఇది జేజి చెప్పిన జవాబు, నాకు దీనికంటే మంచి జవాబు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. పల్లెలో పదిమంది కలిసి పొట్టేలునో పెద్దకూరకు దూడనో తెచ్చి పాళ్లేసుకుంటారు. ఒక పాలు ఒక ఇంటికి. ఇంట్లో ఎనిమిది మంది, పండగకొచ్చిన ఆడబిడ్డలు, అల్లుళ్లు. చేరెడు చియ్యలు చట్టెడు కూర కావాలి. చింతచిగురు దండిగా వేస్తే అవుతుంది. పులుపు దాంట్లోనే ఉంది కాబట్టి చింతపండు కొనే పని లేదు. కరువులో బతికించిన ఆకు పండగనాడు మాంసాన్ని పెంచింది. నాలుకకు ఆ రుచే పండగ రుచి అయిపోయింది. ఇప్పుడు కిలో రెండు కిలోలు తెచ్చుకునే శక్తి ఉన్నా చిగురు లేకుంటే మావాళ్లకు ఈస్టర్ అయినట్టుండదు.

వండే తీరు ఉంది. చిగురు ఎర్రగా లేతగా ఉన్నప్పుడే కోయాలి, పచ్చబడితే పీచు. రెండు అరచేతుల మధ్య నలిపితే ఈనెలు విడిపోతాయి, చేటలో చెరిగితే పోతాయి. ఎర్రగడ్డలు, తెల్లగడ్డ, మిరప్పొడి, ధనియాలు వేసి చియ్యలు మెత్తగా ఉడికినాకనే చిగురు వేయాలి. ముందే వేస్తే పులుపుకు చియ్య బిగుసుకుపోయి ఎంతసేపటికీ ఉడకదు. ఇది తప్పితే కొత్త కోడలికి పల్లెంతా చాటింపే. మిగిలిన చిగురు నీడకు ఎండబెట్టి గురిగిలో పెట్టుకుంటే వానాకాలం దాకా పనికొస్తుంది. మునగాకు కందిబ్యాళ్లలోకి. అది కొంచెం చేదుంటుంది, చెనిక్కాయ పొడి చల్లితే విరుగుతుంది. ఇదంతా వరిబువ్వలోకి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చేదాకా వరిబువ్వ కూడా పండగ తిండే మా ఇండ్లల్లో.

చేదు అనేసరికి గుర్తొచ్చింది. నిర్గమకాండం 12వ అధ్యాయంలో ఐగుప్తు బానిసలు విడుదలయ్యే రాత్రి ఏం తినాలో చెప్పి ఉంది. కాల్చిన మాంసం, పొంగని రొట్టె, చేదుకూరలు. ఆ పస్కా పండగ దినాల్లోనే ఏసును సిలువేసినారు. చేదుకూరలు బానిసత్వపు కష్టాలకు గుర్తని పాస్టరు వివరిస్తే, గుడి బయట జేజి అన్నది: "గుర్తుకు ఒకపూట తినేవాళ్లకు చెప్పల్ల. మనం ఏడాదంతా తింటాండాం గదా." గుడిలోనూ చేదు లేకపోలేదు. ఈస్టర్ నాడు ప్రేమవిందు పెట్టుకుంటాం. మాలలు ఒక వరస, మాదిగలు ఒక వరస కూర్చునే గుళ్లు నేను చూసినా. ఐగుప్తు దాటినా ఆ వరస దాటలేదు.

ఆకు తిన్నందుకు కాదు గానీ, ఆ పండగ చేసుకున్నందుకు ప్రభుత్వం మమ్మల్ని రెండుగా చీల్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలుపుకున్నారు. క్రైస్తవులు, ముస్లిములు బయటే. ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుంచి క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలను, వాళ్ల సంతానాన్ని బి.సి.–సి కింద పెట్టి ఒక్క శాతం ఇచ్చినారు. నన్ను బడిలో చేర్చేనాడు రిజిస్టరులో క్రైస్తవుడని పడింది, నేను బి.సి.–సి. మా చిన్నాయన కొడుకు రికార్డులో హిందూ మాల, వాడు ఎస్సీ. ఇద్దరం ఒకే జేజి చేతి చిగురుకూర తిన్నాం. ఒకే గుడిసె వరస, ఒకే తిట్టు. "ఈస్టరని బడిలో చెప్పద్దురా" అని వానికి చిన్నమ్మ నేర్పింది, నాకు ఆ భయం పనికిరాలేదు, అప్పటికే పోవాల్సింది పోయింది.

నేను డిగ్రీ చదివేటప్పుడు మా మేనత్త వాళ్ల ఊళ్లో అదే చింతచెట్టు గొడవ. కులం పేరు పెట్టి తిట్టి చెయ్యి చేసుకున్నారు. కేసు పెడదామని పోతే ముందు అడిగింది దెబ్బలెక్కడ తగిలినాయని కాదు, సర్టిఫికెట్టు. క్రైస్తవులని ఉంటే 1989 అట్రాసిటీ చట్టం వర్తించదన్నారు. తిట్టినోడు మాత్రం బైబిలు చూసి తిట్టలేదు, మాల అనే తిట్టినాడు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మత నిబంధన తీసేయమంది. 2022లో కేంద్రం మళ్లీ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారినవారికి ఆ చట్టం రక్షణ ఉండదని తీర్పిచ్చింది. కమిషన్లు, తీర్మానాలు, తీర్పులు. చెట్టు కింద నిలబడిన మా అత్తకు ఇవన్నీ ఒక్క ప్రశ్నే: కొట్టినోడు చూసింది కులమైతే, కోర్టు చూసేది మతం ఎట్లయింది?

2017లో ఒక విచిత్రం. గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 14న పడింది. బాబాసాహెబ్ జయంతి రోజే. 1995లో, 2006లో కూడా అట్లనే పడింది గానీ అప్పుడు మా పల్లెలో బొమ్మ లేదు. 2017కు ఉంది. కుర్రోళ్లు పొద్దున విగ్రహానికి దండేసి మిఠాయి పంచాలంటారు. పెద్దోళ్లు ఆ రోజు ఉపాసం, మిఠాయేందంటారు. మతం మారిన అంటరానివాళ్ల గతి ఏమైందని అంబేడ్కరే గట్టిగా నిలదీస్తూ రాసిన సంగతి నేను కుర్రోళ్లకు చెప్పినా, పెద్దోళ్లకు కూడా చెప్పినా. చివరికి పొద్దున దండేసి, పొట్లాలు కట్టి పెట్టి, ఆదివారం ఈస్టరు విందులో పంచినాం. చింతచిగురు కూర పక్కన బాబాసాహెబ్ బూందీ. రెండూ బాగుండినాయి.

ఇప్పుడు కలుపు మందు కొడతాండారు. చెంచలాకు, గురుగాకు చేలల్లో సగానికి సగం మాయం. కొన్నా తినలేం, మందు కొట్టిన గట్టున మొలిచిందో ఏమో. బాటలు వెడల్పు చేసినప్పుడు పెద్ద పెద్ద చింతచెట్లు కూల్చినారు. కూరగాయలకు మావాళ్లు వేంపల్లె సంతకు పోతారు, క్యారెట్టు, బీన్సు తెస్తారు. ఈస్టరుకు కుర్రోళ్లు బిర్యానీ అంటారు. అననీ, నాకు పేచీ లేదు. మనం ఎప్పటికీ ఆకే తినాలని ఎవరైనా మురిసిపోతే వాళ్లను ఒక నెల తినమనాలి.

నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. ఆరో తరగతి పిల్లల్ని ఇంట్లో తినే ఆకుల పేర్లు రాసుకు రమ్మన్నా. ఊరి పిల్లలు పాలకూర, తోటకూర, మెంతికూర, గోంగూర రాసినారు. పల్లె పిల్లలు పద్నాలుగు దాకా రాసినారు. ఒక పాప మూడు పేర్లు రాసి కొట్టేసింది. ఎందుకమ్మా అంటే, "అవి కూలోళ్ల ఆకులంట సార్" అన్నది. కొట్టేసిన వాటిలో చింతచిగురు ఉంది. పద్నాలుగు పేర్లూ బోర్డు మీద నేనే రాసినా, ఆ పాపతో చదివించినా.

2025 ఈస్టర్ ముందు వారం జేజిని కంటి డాక్టరుకు చూపియ్యడానికి కడపకు తీసకపోయినా. వచ్చేటప్పుడు ఒక పెద్ద అంగట్లో చల్లపెట్టెలో ప్లాస్టిక్ డబ్బాలకు ఎక్కించి పెట్టినారు చింతచిగురు, మీద ధర చీటీ. జేజి డబ్బా కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. "లేతదే కోసినారు" అన్నది. అంగట్లో ఉన్న పిల్లోణ్ని అడిగింది, ఎవరు కోసినారు నాయనా, కోసినోళ్లకు ఎంతిచ్చినారు అని. తనకు తెలీదన్నాడు. జేజి డబ్బా ఎక్కడ తీసిందో అక్కడే పెట్టేసి, మన చెరువుకట్ట మీద ఇంకా రెండు చెట్లుండాయి పోదాం పా అన్నది.